మెదడులో కణితిని కొలవడం: నూరేళ్ల చరిత్ర

స్కానింగు అనే మాట తెలియని ఇల్లు ఈ రోజులలో లేదనే చెప్పాలి. మన వయసు వారికి నడుము నొప్పికీ, మోకాలి నొప్పికీ కూడా డాక్టరు గారు స్కానింగు రాస్తున్నారు. అయితే మెదడు స్కానింగు అనగానే ఇంటిల్లిపాదికీ గుండె దడ పట్టుకుంటుంది. మెదడులో కణితి ఉన్నదని తేలి, ఆపరేషన్ జరిగి, కరెంటు పెట్టించుకుని, మాత్రలు వాడుతున్న వ్యక్తికి రెండు మూడు నెలలకు ఒకసారి స్కానింగు తీస్తారు. మన వాళ్లు కరెంటు పెట్టడం అనేది రేడియేషన్ చికిత్సనే. ఆ రిపోర్టులో “మునుపటి కంటె పెరిగినది” అనే వాక్యం కనబడితే, ఇక వైద్యం చేయించి ప్రయోజనం లేదని మనిషిని ఇంటికి తీసుకువెళ్లిపోయే కుటుంబాలు ఉన్నాయి. “తగ్గినది” అని ఉంటే మొక్కులు తీర్చుకుంటారు.

ఈ రెండు మాటలకూ వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉన్నది. ఆ చరిత్ర తెలిసినట్లయితే రిపోర్టును చూసి వెంటనే కుంగిపోవడం గాని, పొంగిపోవడం గాని ఉండదు. మెదడు కణితులలో అనేక రకాలు కలవు. వాటిలో పెద్దవారిలో తరచుగా వచ్చేదీ, మిక్కిలి తీవ్రమైనదీ గ్లయోబ్లాస్టోమా. కొలతల చరిత్ర చాలావరకు ఈ కణితి చుట్టూనే నడిచింది గనుక ఈ వ్యాసంలో ప్రధానంగా దానినే తీసుకుంటున్నాను.

చిత్రం లేని రోజులు

1884 నవంబరు 25వ తేదీన లండన్‌లో రిక్‌మన్ గాడ్లీ అనే సర్జన్ ఒక రోగి పుర్రె తెరచి మెదడులోని కణితిని తొలగించాడు. అప్పటికి ఎక్స్‌రే కూడా పుట్టలేదు. మరి కణితి ఎక్కడ ఉన్నదో ఎలా తెలిసింది? రోగికి ఏ చెయ్యి పట్టు తప్పింది, ఫిట్స్ ఏ వైపున మొదలవుతున్నాయి అనే లక్షణాలను బట్టి హ్యూజ్ బెన్నెట్ అనే వైద్యుడు స్థానాన్ని నిర్ణయించాడు. తెరచి చూస్తే కణితి ఆ చోటనే ఉన్నది. దురదృష్టవశాత్తు ఆ రోగి సుమారు నెల రోజులకు ఇన్‌ఫెక్షన్ సోకి మరణించాడు. చిత్రం లేకపోయినా మనిషిని జాగ్రత్తగా పరీక్షిస్తే ఎంత తెలుస్తుందో చెప్పడానికి ఈ సంఘటనను ఈనాటికీ ఉదహరిస్తారు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనుగొన్నాడు. ఎముకలు స్పష్టంగా కనిపించసాగాయి. కాని మెదడు మెత్తని పదార్థం. ఎక్స్‌రే ఫిల్ము మీద పుర్రె కనిపిస్తుందే తప్ప లోపలి మెదడు కనిపించదు.

ఈ చిక్కును విప్పడానికి 1918లో అమెరికాలోని బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ అనే సర్జన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. మెదడు లోపల ద్రవంతో నిండిన గదులు ఉంటాయి. పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ గదులలోనికి గాలి పంపి ఎక్స్‌రే తీస్తే గదుల ఆకారం కనబడుతుంది. గది ఒక పక్కకు ఒరిగి ఉంటే రెండో పక్కన కణితి ఉండి నెడుతున్నదని అర్థం. 1919లో వెన్నులో సూది గుచ్చి గాలి ఎక్కించే పద్ధతి కూడా ఆయనే ప్రవేశపెట్టాడు. 1927లో పోర్చుగల్ దేశంలోని లిస్బన్‌లో ఇగాస్ మోనిజ్ మెడలోని రక్తనాళంలోనికి మందు ఎక్కించి మెదడు రక్తనాళాల చిత్రం తీశాడు. రక్తనాళాలు పక్కకు జరిగిన తీరును బట్టి, లేదా కొత్తగా అల్లుకున్న తీరును బట్టి కణితిని ఊహించేవారు.

ఆ తరువాత సుమారు యాభై సంవత్సరాలు ప్రపంచమంతటా ఈ రెండు పరీక్షలే ఆధారం. మన దక్షిణాదిన 1949లో వెల్లూరులో డాక్టర్ జేకబ్ చాందీ, 1950లో మద్రాసులో డాక్టర్ బి. రామమూర్తి న్యూరోసర్జరీ విభాగాలను ప్రారంభించారు. మెదడు ఆపరేషన్ అంటే తెలుగువారు మద్రాసుకో, వెల్లూరుకో ప్రయాణం కట్టిన రోజులు మన సభ్యులలో పెద్దవారికి గుర్తు ఉండే ఉంటాయి. గాలి పరీక్ష చేయించుకున్న రోగికి భరించరాని తలనొప్పి, వాంతులు వచ్చేవి. అంతటి పరీక్షను చికిత్స నడిచే కాలంలో నెల నెలా చేయడం అసాధ్యం. అందువలన కణితి ఎక్కడ ఉన్నదో కనుక్కోవడమే గాని, మందుకు తగ్గుతున్నదా లేదా అని కొలిచే ప్రశ్నే ఆనాడు లేదు.

గ్రామఫోన్ కంపెనీ నుండి వచ్చిన యంత్రం

కుక్క బొమ్మ ఉన్న హెచ్.ఎం.వి. రికార్డులు మన అందరికీ తెలిసినవే. ఆ రికార్డుల యజమాని అయిన ఇంగ్లండులోని ఇ.ఎం.ఐ. కంపెనీలో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు పనిచేసేవాడు. తల చుట్టూ అనేక కోణాల నుండి ఎక్స్‌రే పంపి, ఎంత కిరణం బయటకు వచ్చిందో కొలిచి, ఆ అంకెలను కంప్యూటరుకు ఇచ్చి లెక్క కట్టిస్తే లోపలి పొర చిత్రం తయారవుతుందని ఆయన ఆలోచన. 1971 అక్టోబరు 1న లండన్ శివారులోని వింబుల్డన్‌లో ఉన్న అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో డాక్టర్ జేమ్స్ ఆంబ్రోస్ సహకారంతో మొదటిసారి ఒక మహిళకు ఈ పరీక్ష చేశారు. ఆమె మెదడు ముందు భాగంలో కణితి ఉన్నదని అనుమానం. చిత్రంలో అది స్పష్టంగా కనిపించింది. ఆనాటి చిత్రం అడ్డం 80, నిలువు 80 చొప్పున 6,400 గళ్లు మాత్రమే. ఒక్కొక్క పొరకు కొన్ని నిమిషాలు పట్టేది. అయినా పుర్రె తెరవకుండా, గాలి ఎక్కించకుండా మెదడును చూడడం అదే ప్రథమం. గణితపు పునాది వేసిన అలన్ కార్మాక్‌తో కలిపి హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇదే మనం సి.టి. స్కాన్ అని పిలిచే పరీక్ష.

దీని వెనుకనే రెండవ యంత్రం వచ్చింది. 1973లో అమెరికాలో పాల్ లాటర్‌బర్ బలమైన అయస్కాంతంతో, రేడియో తరంగాలతో చిత్రం తీయవచ్చునని చూపించాడు. ఇంగ్లండులో పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఈ పద్ధతిని వేగవంతం చేశాడు. వీరిద్దరికీ 2003లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇదే ఎమ్మారై. మెదడులోని మెత్తని భాగాల మధ్య తేడాను ఇది సి.టి. కంటె చాలా బాగా చూపుతుంది. ఎక్స్‌రే కిరణం అవసరం లేదు గనుక పదే పదే తీసినా ఆ కిరణాల బాధ లేదు.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి చెప్పాలి. స్కానింగుకు ముందు నరంలోనికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. సి.టి.కి అయోడిన్ మందు, ఎమ్మారైకి గడోలినియం మందు. గడోలినియంతో మెదడు కణితులను చూసిన తొలి ఫలితాలు 1984లో లండన్ నుండి వెలువడ్డాయి. 1988లో అమెరికాలో ఈ మందుకు అనుమతి లభించింది. మామూలు మెదడులో రక్తనాళాల గోడలు చాలా బిగువుగా ఉంటాయి. ఈ మందు బయటకు రాదు. కణితి ఉన్న చోట ఆ గోడలు సందులు పడి కారుతుంటాయి. మందు అక్కడ బయటకు వచ్చి తెల్లగా మెరుస్తుంది. రిపోర్టులలో కొలిచేది ప్రధానంగా ఆ తెల్లని మెరుపునే. అనగా అది రక్తనాళాలు కారుతున్న స్థలం. కణితి కణాలు ఆ మెరుపు దాటి కూడా వ్యాపించి ఉండవచ్చు. కణితి లేని చోట కూడా వేరే కారణం వలన నాళాలు కారవచ్చు. ఇకపై చెప్పబోయే కష్టాలన్నీ ఇక్కడి నుండి పుట్టినవే.

కొలబద్ద తయారైన విధం

మందు పనిచేస్తున్నదా లేదా చెప్పడానికి అందరికీ ఒకే కొలబద్ద కావాలి. 1977లో అమెరికాలో విక్టర్ లెవిన్, ఆయన సహచరులు రోగి నరాల పరీక్ష, రేడియో ఐసోటోప్ స్కాన్, సి.టి. వగైరాలను కలిపి చూసి ‘మెరుగు’, ‘క్షీణత’ అని నిర్ణయించే పద్ధతి రాశారు. 1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శరీరంలోని క్యాన్సర్లన్నింటికీ పొడవు, వెడల్పు గుణించే పద్ధతిని సూచించింది. 1990లో కెనడాకు చెందిన డేవిడ్ మక్డొనాల్డ్ బృందం దీనిని మెదడు కణితులకు సరిపడేటట్లు మలచింది.

లెక్క మన ఆఫీసు లెక్కలంత తేలిక. తెల్లని మెరుపు అన్నిటికంటె పెద్దగా ఉన్న పొరను తీసుకుని దాని పొడవును, దానికి అడ్డంగా ఉన్న వెడల్పును గుణించాలి. 40 మిల్లీమీటర్లు, 30 మిల్లీమీటర్లు ఉంటే 1,200. చికిత్స తరువాత 600 గాని, అంతకు తక్కువ గాని అయితే, అనగా సగానికి తగ్గి, కనీసం నాలుగు వారాలు అలాగే నిలిస్తే, మందు పనిచేసినట్లు. 25 శాతం పెరిగి 1,500 అయితే వ్యాధి ముదిరినట్లు. మధ్యలో ఉంటే నిలకడ.

మక్డొనాల్డ్ బృందం చేసిన మంచి పని మరొకటి ఉన్నది. కొలతతో పాటు రోగి పరిస్థితినీ, అతడు వాడుతున్న స్టెరాయిడ్ మోతాదునూ లెక్కలో చేర్చారు. మెదడు వాపు తగ్గడానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను 1960 దశకం మొదటి నుండి వాడుతున్నారు. ఈ మందు రక్తనాళాల కారడాన్ని అరికడుతుంది. అందుచేత స్టెరాయిడ్ పెంచితే కణితి అంతే ఉన్నా మెరుపు తగ్గుతుంది. మోతాదు తగ్గిస్తే మెరుపు పెరుగుతుంది. స్టెరాయిడ్ పెంచిన నెలలో మెరుపు తగ్గితే దానిని క్యాన్సర్ మందు ఖాతాలో జమ కట్టరాదని వారు స్పష్టం చేశారు.

ఈ కొలబద్దకు లోపాలు లేకపోలేదు. 20 మిల్లీమీటర్ల పొడవు, 20 మిల్లీమీటర్ల వెడల్పు గల చిన్న కణితిని తీసుకోండి. గుణిస్తే 400. తరువాతి స్కానింగులో 23, 22 వచ్చాయనుకోండి. గుణిస్తే 506, అనగా 26 శాతం ఎక్కువ. అగ్గిపుల్ల మందమంత తేడాతో ‘నిలకడ’ అన్న తీర్పు ‘ముదిరింది’ అని మారిపోయింది. తల కొంచెం వేరే కోణంలో పెట్టినా, పొరల మందం మారినా, కొలిచే డాక్టరు మారినా ఆ పాటి తేడా రావచ్చు. పైగా ఆపరేషన్ తరువాత కణితి గుండ్రంగా ఉండదు. ఖాళీ అయిన గుంట చుట్టూ అంచులాగా, ముక్కలు ముక్కలుగా మిగులుతుంది. దానికి పొడవు, వెడల్పు ఎక్కడ పట్టాలన్నది నిపుణులకే చిక్కు ప్రశ్న.

పెరగకుండానే పెరిగినట్లు

2005లో రోజర్ స్టుప్ నాయకత్వంలో యూరప్, కెనడాలలో 573 మంది గ్లయోబ్లాస్టోమా రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. ఆరు వారాల రేడియేషన్‌తో పాటు టెమొజొలొమైడ్ మాత్రలు ఇస్తే మధ్యస్థ జీవితకాలం 12.1 నెలల నుండి 14.6 నెలలకు పెరిగింది. రెండేళ్లు బ్రతికినవారు 10.4 శాతం నుండి 26.5 శాతానికి పెరిగారు. ప్రపంచమంతటా ఇదే చికిత్స అమలులోనికి వచ్చింది.

అప్పుడు ఒక వింత గట్టిగా బయటపడింది. రేడియేషన్ పూర్తయిన నెలకో, రెండు నెలలకో తీసిన స్కానింగులో చాలామందికి మెరుపు పెరిగినట్లు కనిపించింది. వారిలో కొందరికి మందు మార్చకుండా అలాగే కొనసాగిస్తే ఆ మెరుపు తనంతట తానే తగ్గిపోయింది. మళ్లీ ఆపరేషన్ చేసిన కొందరిలో చచ్చిన కణాలే తప్ప పెరుగుతున్న కణితి కనిపించలేదు. చికిత్స దెబ్బకు ఆ భాగం వాచి, రక్తనాళాలు మరింత కారడమే ఇందుకు కారణం. దీనికి వైద్యులు ‘సూడోప్రోగ్రెషన్’ అని పేరు పెట్టారు. మన భాషలో దొంగ పెరుగుదల అనుకోవచ్చు. టెమొజొలొమైడ్ బాగా పనిచేసే తరహా కణితులలోనే ఇది ఎక్కువగా కనబడుతున్నదని కూడా తేలింది.

దీని పర్యవసానం ఆలోచించండి. పాత కొలబద్ద ప్రకారం 25 శాతం పెరిగింది గనుక మందు పనిచేయలేదని తీర్పు. పనిచేస్తున్న మందునే ఆపివేయడం జరిగేది. రోగి నష్టపోయేవాడు. మరొక నష్టం పరిశోధనలకు. అటువంటి రోగిని ఏదో కొత్త మందు పరీక్షలో చేర్చుకుంటే, ఎలాగూ తగ్గవలసిన మెరుపు తగ్గుతుంది. ఆ ఘనత కొత్త మందుకు పోతుంది.

తగ్గకుండానే తగ్గినట్లు

ఇందుకు సరిగా ఎదురు కథ కూడా జరిగింది. బెవాసిజుమాబ్ అనే ఇంజెక్షన్ కణితికి కొత్త రక్తనాళాలు పుట్టకుండా చేస్తుంది. దీనిని ఇచ్చిన కొద్ది రోజులలోనే స్కానింగులో తెల్లని మెరుపు గణనీయంగా తగ్గిపోయేది. ఈ తగ్గుదలను ఆధారం చేసుకుని 2009లో అమెరికాలో, వ్యాధి తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాకు దీనిని అనుమతించారు. కాని ఈ మందు రక్తనాళాల సందులను మూసివేస్తుంది. ఇంజెక్షన్ చేసిన రంగు బయటకు రాదు, మెరుపు పోతుంది. కణితి కణాలు మాత్రం మెరుపు లేకుండానే పాకుతూ ఉండవచ్చు.

2014లో రెండు పెద్ద పరిశోధనలు ఈ సంగతిని తేల్చాయి. వాటిలో ఒకదాని ప్రకారం, కొత్తగా వ్యాధి వచ్చినవారికి ఈ మందు చేర్చి ఇస్తే స్కానింగులో వ్యాధి ముదిరే సమయం 6.2 నెలల నుండి 10.6 నెలలకు వెనక్కు జరిగింది. బ్రతికిన కాలం మాత్రం 16.7 నెలలు, 16.8 నెలలు. అనగా తేడా లేదు. వాపు తగ్గించి స్టెరాయిడ్ అవసరాన్ని తగ్గించే గుణం ఉన్నందున ఈ మందును ఈనాటికీ వాడుతున్నారు. అయితే చిత్రం బాగుపడినంత మాత్రాన ఆయువు పెరిగినట్లు కాదని వైద్య లోకం గ్రహించింది.

కొత్త నిబంధనలు

ఈ రెండు అనుభవాల మధ్య 2010లో పాట్రిక్ వెన్, ఇతర దేశాల నిపుణులు కలిసి ‘రానో’ అనే కొత్త నిబంధనలు ప్రకటించారు. రేడియేషన్ ముగిసిన మొదటి 12 వారాలలో మెరుపు పెరిగినా వ్యాధి ముదిరిందని తీర్పు చెప్పరాదు. రేడియేషన్ పడిన హద్దుకు వెలుపల కొత్త మెరుపు వచ్చినా, ముక్క తీసి పరీక్ష చేసి తేలినా మాత్రమే చెప్పాలి. మెరుపు లేని భాగాన్ని కూడా ఫ్లెయిర్ అనే ఎమ్మారై చిత్రంలో చూడాలి. ఆపరేషన్ గాయం వలన వచ్చే మెరుపు కణితితో కలిసిపోకముందే, అనగా మూడు రోజులలోపే, ఆపరేషన్ తరువాతి స్కానింగు తీయాలి.

2023లో ఈ నిబంధనలను మళ్లీ సవరించారు. ఉద్యోగంలో లెక్కలు రాసినవారికి ఈ సవరణ సులువుగా అర్థమవుతుంది. ఓపెనింగ్ బ్యాలెన్స్ తప్పుగా వేస్తే ఆ సంవత్సరం ఖాతా అంతా తప్పే. ఇంతకుముందు ఆపరేషన్ తరువాతి స్కానింగును మొదటి అంకెగా తీసుకునే ఆచారం ఉండేది. ఇప్పుడు రేడియేషన్ ముగిసిన సుమారు నాలుగు వారాలకు తీసిన ఎమ్మారైని మొదటి అంకెగా పెట్టుకోవాలన్నారు. రేడియేషన్ తరువాత 12 వారాలలోపు పెరిగినట్లు కనబడితే మరొక స్కానింగుతో నిర్ధారించుకోవాలన్నారు. పొడవు వెడల్పులే కాక ఘనపరిమాణాన్ని కూడా అంగీకరించారు. వైశాల్యంలో 25 శాతం, ఘనపరిమాణంలో 40 శాతం పెరుగుదల సమానమని లెక్క. గుండ్రని కణితి వ్యాసం 12 శాతం పెరిగితే ఈ రెండు అంకెలూ వస్తాయి. కావాలంటే మనవలతో కూర్చుని లెక్క వేసి చూడవచ్చు.

ఏ పరీక్ష దేనికి?

ఇప్పుడున్న పరీక్షలను పోల్చి చూద్దాం. సి.టి. త్వరగా అవుతుంది. అకస్మాత్తుగా స్పృహ తప్పినప్పుడు రక్తస్రావం ఉన్నదా, నీరు చేరిందా అని చూడడానికి అదే మేలు. పేస్‌మేకర్ వంటివి ఉండి ఎమ్మారై వీలుకాని వారికి కూడా అదే గతి. చికిత్స ఫలితాన్ని కొలవడానికి ఎమ్మారై శ్రేష్ఠం. ఎమ్మారైలోనే పెర్‌ఫ్యూజన్ అనే పద్ధతి ఆ భాగానికి ఎంత రక్తం అందుతున్నదో చూపుతుంది. పెరుగుతున్న కణితికి సాధారణంగా రక్తం ఎక్కువ, చికిత్స వలన వచ్చిన వాపుకు తక్కువ. స్పెక్ట్రోస్కోపీ అనే మరొక పద్ధతి అక్కడి రసాయనాలను అంచనా కడుతుంది. ఇవి రెండూ సహాయకాలే గాని వీటి మాటే చివరి మాట కాదు.

ఇక పెట్ స్కాన్. ఇతర క్యాన్సర్లకు వాడే గ్లూకోజు పెట్ మెదడులో అంతగా ఉపకరించదు. మెదడే గ్లూకోజును విరివిగా తింటుంది గనుక చిత్రమంతా వెలుగే, కణితి అందులో కలిసిపోతుంది. అందువలన మిథియోనిన్, ఎఫ్.ఇ.టి. వంటి అమైనో ఆమ్లాలతో పెట్ తీస్తారు. వీటిని మామూలు మెదడు తక్కువగా, కణితి ఎక్కువగా పీల్చుకుంటుంది. రక్తనాళాలు కారినా కారకున్నా కణితి జాడ చెప్పగలగడం దీని ప్రత్యేకత. దొంగ పెరుగుదలను గుర్తించడంలో ఇది బాగా సహకరిస్తుంది. 2024లో దీనికి కూడా రానో వారు కొలత నిబంధనలు ఇచ్చారు. ఖర్చు మాత్రం అధికం. మిథియోనిన్‌లోని రేడియో ధార్మికత 20 నిమిషాలకు సగమైపోతుంది గనుక, తయారుచేసే యంత్రం దగ్గరలోనే ఉండాలి.

కుటుంబ సభ్యులకు కొన్ని సూచనలు

ఈ చరిత్ర నుండి మనం గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, పాత ఫిల్ములు, సి.డి.లు, రిపోర్టులు ఏవీ పారవేయవద్దు. తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. పాతది లేనిదే కొత్తదానికి అర్థం లేదు. వీలైనంతవరకు ఒకే కేంద్రంలో, ఒకే యంత్రం మీద తీయించండి.

రెండవది, ఒక నోటుపుస్తకంలో రేడియేషన్ ముగిసిన తేదీ, స్టెరాయిడ్ మోతాదు, అది మారిన తేదీ రాయండి. మనిషి నడక, మాట, జ్ఞాపకం, ఫిట్స్, సంతకం చేసే తీరు ఎలా ఉన్నాయో వారానికొకసారి రెండు ముక్కలు రాయండి. 1884లో వైద్యులకు ఆధారమైనది ఇటువంటి పరిశీలనే. ఇన్ని యంత్రాలు వచ్చిన తరువాత కూడా నిబంధనలలో దానికి స్థానం ఉన్నది.

మూడవది, “పెరిగింది” అని రిపోర్టు వచ్చినప్పుడు డాక్టరు గారిని వినయంగా ఈ ప్రశ్నలు అడగండి. ఏ తేదీ స్కానింగుతో పోల్చారు? రేడియేషన్ ముగిసి ఎన్ని వారాలైంది? మధ్యలో స్టెరాయిడ్ మారిందా? మరికొన్ని వారాలు ఆగి ఇంకొక స్కానింగు తీసి చూడవచ్చునా? అన్ని పెరుగుదలలూ దొంగవి కావు. నిజంగా ముదిరిన వ్యాధి కూడా ఇలాగే కనిపిస్తుంది. మనిషి పరిస్థితి దిగజారుతుంటే ఆగడం మంచిది కాదు. అందుచేత నిర్ణయం వైద్యులదే. కాని ఆ ప్రశ్నలు అడిగే హక్కు మనది.

నాలుగవది, మన వయసు వారికి ప్రత్యేకించి. ఎమ్మారై గదిలోనికి వెళ్లేముందు పేస్‌మేకర్ గాని, శరీరంలో లోహపు క్లిప్పులు గాని ఉంటే తప్పక చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉన్నవారు ఇంజెక్షన్‌కు ముందే ఆ విషయం తెలియజేయాలి.

ఈ వ్యాధి నేటికీ కఠినమైనదే. ఇంత శ్రమపడి కొలబద్దలు దిద్దుకున్నా పూర్తిగా నయం చేసే మందు ఇంకా చేతికి రాలేదు. అయినా పనిచేస్తున్న మందును పొరపాటున ఆపకుండా, పనిచేయని మందును భ్రమపడి కొనసాగించకుండా ఉండడానికి ఈ లెక్కలు ఉపకరిస్తున్నాయి. మన సంఘ కుటుంబాలలో ఏ ఒక్కరికీ ఈ వ్యాసంతో అవసరం పడకూడదని కోరుకుంటున్నాను. ఒకవేళ ఎవరికైనా అవసరం పడితే, ఒక్క రిపోర్టు చూసి తొందరపడకుండా ఫైలు తీసుకుని డాక్టరు గారి ఎదుట కూర్చోవాలని మనవి.